మేకు కంటే ముందు నేల

పొద్దున షాపు తలుపులు తీయకముందు కాసేపు లోపల నేనొక్కదాన్నే ఉండేదాన్ని. సగం లైట్లే వెలిగేవి. కార్పెట్ మీద వరసగా నిలబెట్టిన గుడారాలు, ఆకుపచ్చవి, బూడిద రంగువి, నారింజవి, ఏదో సరస్సు ఒడ్డున బస చేసి ఇంకా నిద్ర లేవని మనుషుల్లా కనిపించేవి. ఏసీ గాలికి వాటి గుడ్డ మెల్లగా ఉబ్బి మళ్లీ దిగేది. ఒక్కదానికీ మేకు ఉండేది కాదు. కార్పెట్‌లో మేకు ఎలా దిగుతుంది? మూలల్లో ఇసుక సంచులు పెట్టి నిలబెట్టేవాళ్లం. కొనడానికి వచ్చినవాళ్లు లోపల దూరి, పడుకుని, జిప్పులు లాగి చూసి మురిసిపోయేవాళ్లు. దీన్ని నేలకు పట్టి ఉంచేదేమిటని అడిగినవాళ్లు అరుదు.

వాళ్లు అడగని ఆ ప్రశ్నకు జవాబు చెప్పడమే నా ఉద్యోగమైంది. న్యూజెర్సీలో, పార్సిప్పనీకి దగ్గర్లో, హైకింగ్ సామాన్లు అమ్మే షాపులో రిటైరయ్యేదాకా పనిచేశాను. చదివింది బీకాం. పెళ్లయి ఈ దేశం వచ్చాక, వర్క్ పర్మిట్ చేతికి రాగానే, ఇంటికి దగ్గరని చేరాను. అప్పటికి నాకు తెలిసిన గుడారం సర్కస్ గుడారం ఒక్కటే.

ఈ మధ్య మన పిల్లలు కొందరు వేసవి సెలవుల్లో ఇలాంటి షాపుల్లో చేరుతున్నారు. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. వాళ్లు తెలుగు చదవలేకపోతే అమ్మానాన్నలు చదివి వినిపిస్తారు. నాకెప్పుడు జీతం పెరిగింది, ఏ బ్యాడ్జి ఇచ్చారు అన్నవి ఇందులో ఉండవు. నేను రాసేది మేకుల గురించి. బరువు మోసుకుంటూ అడవిలో నడిచేవాడి గుడారాన్ని పట్టి ఉంచే, వేలెడు మందం కూడా లేని మేకుల గురించి.

లైబ్రరీ బల్ల దగ్గర

ఈ పని నాకు నేర్పిన బడి మా ఊరి పబ్లిక్ లైబ్రరీ. ఈ మాట కాస్త గర్వంగానే చెబుతున్నాను. సెలవు రోజు మా ఆయన కారులో దింపి వెళ్లేవారు. కిటికీ పక్క బల్ల నాది. మొదట గుడారాల పుస్తకాలు చదివాను. అవి లోహాల పుస్తకాల దగ్గరికి పంపాయి. ఒక అల్యూమినియం వంగుతుంది, ఇంకొకటి వంగకుండా చిట్లుతుంది, టైటానియం వంగినా మళ్లీ దారికొస్తుంది అని అక్కడే తెలిసింది. లోహాల నుంచి నేలల పుస్తకాలకు వెళ్లాను. వెళ్లినదాన్ని మళ్లీ పూర్తిగా తిరిగి రాలేదు.

ఒక మధ్యాహ్నం ఒక పుస్తకంలో చదివాను. ఎన్నో వేల ఏళ్ల కింద ఉత్తరం నుంచి ఒక మంచు పర్వతం మెల్లగా జారుకుంటూ సరిగ్గా మేముంటున్న చోటికి వచ్చి ఆగిందట. తను ఈడ్చుకొచ్చిన రాళ్లన్నీ ఇక్కడే దించి కరిగిపోయిందట. తల ఎత్తి కిటికీలోంచి చూశాను. పార్కింగ్ లాట్, కార్లు, వాటి వెనక అపార్ట్‌మెంట్లు. వాటన్నిటి మీదా నీలిరంగు మంచు చడీ చప్పుడూ లేకుండా నిలబడి ఉన్నట్టు అనిపించింది. ఆయన వచ్చి హార్న్ కొట్టేదాకా అలాగే కూర్చున్నాను.

"ఏం చదివావు ఇవాళ?" అని అడిగారు కారులో.

"మన అపార్ట్‌మెంట్ కింద రాళ్లెందుకు ఉన్నాయో."

"ఇల్లు కొనేటప్పుడు పనికొస్తుందిలే" అన్నారు.

ఇల్లు కొనేటప్పుడు పనికిరాలేదు గాని మేకులు అమ్మేటప్పుడు రోజూ పనికొచ్చింది. మంచు ఆగిన గీతకు పైన, ఉత్తరాన, నేల నిండా రాళ్లు. ఇంకా పైన కొండ అంచున బండ మీద పల్చగా పరిచిన మట్టి. గీతకు కింద, దక్షిణాన పైన్ చెట్ల అడవుల్లో, ఒకప్పటి సముద్రం వదిలిన ఇసుక. ఒకే రాష్ట్రంలో, కారులో రెండు మూడు గంటల తేడాలో, మేకుకు రెండు వేర్వేరు లోకాలు.

వాల్ట్ పెట్టెలు

మా మేనేజర్ వాల్ట్ వయసులో నాకంటే చాలా పెద్ద. పూర్వం వడ్రంగి. ఓపిక తక్కువ, నోరు దురుసు. కస్టమర్ ముందే "అది వాళ్లకు అక్కర్లేదు, లోపల పెట్టు" అనేవాడు. యజమాని ఫోన్ చేస్తే తీసేవాడు కాదు. ఆయన్ని మంచి బాస్ అనలేను గాని, మంచి గురువని మాత్రం అంటాను.

షాపు వెనక, చెత్త డబ్బాల అవతల, ఆయన స్వయంగా చెక్కతో చేసిన మూడు పెద్ద పెట్టెలుండేవి. ఒకదాంట్లో దక్షిణం ఇసుక. ఒకదాంట్లో అడవి నేల: పైన కుళ్లిన ఆకులు, కింద నల్లమట్టి. మూడోదాంట్లో అడుగున బండరాయి పలకలు, వాటి మీద బెత్తెడు మట్టి. అది కొండ అంచు. మేకు కొనేవాళ్లను వెనక్కి తీసుకెళ్లి, గుచ్చి, తాడు కట్టి లాగి చూడమనేవాడు.

మూడో పెట్టె పక్కన రెండు రాళ్లు, ఒకటి చిన్నది ఒకటి పెద్దది, ఊరికే పడేసినట్టు ఉండేవి. ఎందుకని అడిగాను.

"చెప్పను. నువ్వూ ఎవరికీ చెప్పకు, వాళ్లు అడిగేదాకా" అన్నాడు. "ఆ రాళ్లను తనంతట తాను చూసినవాడు కొండ మీద హాయిగా నిద్రపోతాడు."

లాగే తాడుకు నేను జోడించిన వస్తువు ఒకటుంది. మన ఇళ్లలో ఇండియా ప్రయాణానికి సూట్‌కేసులు తూచే కాటా ఉంటుంది కదా, కొక్కెం తగిలించి పైకెత్తేది. దాన్ని ఒకరోజు ఇంటినుంచి తెచ్చి తాడుకు తగిలించాను. ఏ మేకు ఎన్ని కిలోల దాకా పట్టుకుంటుందో అంకెల్లో కనబడింది. వాల్ట్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మీ ఇంట్లో ఎందుకుంది?" అన్నాడు. చెప్పాను. పచ్చళ్ల సంగతి కూడా చెప్పాను. ఆ కాటా ఇక నా ఇంటికి తిరిగి రాలేదు. మాకు మరొకటి కొనుక్కోవాల్సి వచ్చింది.

ఐదు గ్రాముల మోజు

మనవాళ్లు ఎలా కొంటారో మనకు తెలుసు. ఒకరు పరిశోధన చేస్తారు, వాట్సాప్ గ్రూపులో పెడతారు, మిగతావాళ్లంతా అదే కొంటారు. కార్లు అలాగే, కుక్కర్లు అలాగే, అమెరికాలో మేకులు కూడా అలాగే.

ప్రసాద్ అని ఒకతను ఐటీ కన్సల్టెంట్. వాళ్ల అపార్ట్‌మెంట్ల గ్రూపుకు మొట్టమొదటి క్యాంపింగ్. ఎక్సెల్ షీట్ చేసుకొచ్చాడు. బరువు ప్రకారం వరస పెడితే పైన నిలిచింది టైటానియం మేకు, గొడుగు కొక్కెంలా తల వంచిన సన్నటి కడ్డీ, ఐదారు గ్రాములు. అన్ని కుటుంబాలకూ అదే కావాలన్నాడు.

"ఎక్కడికి వెళ్తున్నారు?" అన్నాను.

"సౌత్ జెర్సీ ఆంటీ. పైన్ చెట్లు, చెరువు, సూపర్ లొకేషన్."

"అక్కడ ఇసుక బాబూ. ఈ కడ్డీ ఇసుకలో నిలవదు. వెనక్కి రా, పెట్టెలో గుచ్చి చూపిస్తాను."

"ఆంటీ, రివ్యూలన్నీ చదివాను. ఇప్పుడు మారిస్తే గ్రూపులో చంపేస్తారు. ఆల్రెడీ పోల్ పెట్టేశాం."

పోల్ గెలిచింది, ఇసుక ఓడలేదు. తర్వాత అతనే వచ్చి చెప్పాడు. మధ్యాహ్నం చెరువు మీద నుంచి కాస్త గాలి లేచిందట. మేకులన్నీ కేకులోంచి కొవ్వొత్తులు తీసినట్టు ఒకదాని తర్వాత ఒకటి పైకొచ్చాయట.

"మరి ఏం చేశారు?"

"బియ్యం బస్తాలు పెట్టాం ఆంటీ. పులిహోరకనీ, పొంగల్‌కనీ ప్రతి ఫ్యామిలీ ఒక సోనా మసూరి బస్తా తెచ్చింది. ఎవరు తేవాలో గ్రూపులో డిసైడ్ చేయలేదు."

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. అతనూ నవ్వాడు. ఆ గుడారాలు నా కళ్ల ముందు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. పైన్ చెట్ల నీడలో, నల్లటి చెరువు పక్కన, ఒక్కొక్క మూలలో ఒక్కొక్క బియ్యం బస్తాతో. తప్పు లెక్క అయినా, ఆ దృశ్యం మాత్రం అందంగా ఉండి ఉంటుంది.

నా తీర్పులు

అడగకపోయినా చెబుతాను.

పెట్టెలో గుడారంతో పాటు వచ్చే గుండ్రటి కడ్డీలను నమ్మకండి. మూడు రెక్కల అల్యూమినియం మేకులు ఎక్కువ నేలల్లో బాగా పట్టుకుంటాయి. గాలి ఎదురుగా తగిలే మూలలకు అవి పెట్టండి. సన్నటి టైటానియం కడ్డీలు గట్టి నేలకు మంచివి, బరువు పడని చోట్లకు సరిపోతాయి. అన్నీ ఒకటే రకం కొనడం తెలివి కాదు, బద్ధకం. వెడల్పాటి మేకులు ఇసుకకు. అవీ నిలవకపోతే నిలువుగా గుచ్చకుండా, మేకు నడుముకు తాడు కట్టి అడ్డంగా పాతిపెట్టాలి.

ఏ కోణంలో గుచ్చాలన్నదాని మీద మనుషులు పోట్లాడుకుంటారు. నేను చదివినవి ఒకదానితో ఒకటి కలవలేదు. తల గుడారానికి అవతలి వైపు కాస్త వాలితే చాలు. మేకు మొత్తం నేలలోకి దిగడం అంతకంటే ముఖ్యం. రాయి తగిలితే ఇంకో రాయితో బాదకండి. తీసి పక్కన గుచ్చండి. మేకులు ఎక్కువగా చచ్చేది గాలికి కాదు, బాదుడుకు.

నైలాన్ గుడ్డ తడిస్తే సాగుతుంది. సాయంత్రం బిగించిన తాడు తెల్లారేసరికి వదులవుతుంది. అది మేకు తప్పు కాదు. లేచి మళ్లీ బిగించుకోవాలి, అంతే.

ఇక మన్నిక. మేకు విరగడం నేను తక్కువే చూశాను. పోవడం చాలా చూశాను. బూడిద రంగు మేకు ఆకుల్లో కలిసిపోతుంది, జనం అక్కడే మరిచిపోయి వచ్చేస్తారు. కాబట్టి ఇంటికి తిరిగొచ్చేదే మన్నికైన మేకు. నా చిట్కా ఇది: పసుపు కుంకుమలకు పిలిచినప్పుడల్లా ఇచ్చిన జాకెట్ ముక్కలు, ఎప్పటికీ కుట్టించనివి, ప్రతి ఇంట్లో ఒక సూట్‌కేసు నిండా ఉంటాయి. రాణి రంగుది ఒకటి చింపి, పీలికలు మేకుల తలలకు కట్టండి. ఏ అడవిలోనూ ఆ రంగు లేదు.

శైలజ, నిఖిల

నేను రిటైరవడానికి కొన్నాళ్ల ముందు, ఆఫీసు బ్యాడ్జి మెడలో వేసుకునే ఒకావిడ వచ్చింది. నా చొక్కా మీద పేరు చూసి, "తెలుగేనా అక్కా?" అంది. పేరు శైలజ.

"ఒక హెల్ప్ చేయాలి. శనివారం మా అమ్మాయిని తీసుకొస్తాను. అది కొన్న టెంట్ నిలబడదని మీరు చెప్పాలి."

"నిలబడదా?"

"నాకేం తెలుసక్కా? నిలబడదని చెప్పండి."

మెల్లగా సంగతి బయటికొచ్చింది. కూతురు నిఖిలకు హైస్కూల్ అయిపోయింది. ఎండాకాలం అయ్యాక దూరంగా కాలేజీ. ఈలోగా ఉత్తరాన కొండ అంచు మీద కొన్ని రోజుల నడక పెట్టుకుంది. రావాల్సిన ఫ్రెండ్స్ మానేశారు. ఒక్కతే వెళ్తానంటోంది.

"వద్దని చెప్పలేకపోయావా?"

"చెప్పొచ్చక్కా. వద్దంటే మానేస్తానంది." శైలజ గోడకు వేలాడుతున్న మేకుల ప్యాకెట్లను సర్దడం మొదలుపెట్టింది, అవి సరిగ్గానే ఉన్నా. "కానీ ఇంక నన్నేదీ అడగదట. అరవలేదు, ఏడవలేదు. మామూలుగా చెప్పింది. అందుకే భయమేస్తోంది."

"అందుకని నన్ను వద్దనమంటావు."

"మీరైతే ఎక్స్‌పర్ట్ కదా. మీకు పిల్లలు లేరా?"

"ఒక కొడుకున్నాడు. హోటల్లో ఏసీ చప్పుడు చేస్తేనే రూమ్ మార్పిస్తాడు. నాకీ సమస్య రాలేదు."

ఆమె నవ్వలేదు. "నిలబడకపోతే నిలబడదని చెబుతాను" అన్నాను. "నిలబడితే అదీ చెబుతాను. తీసుకురా."

శనివారం ఇద్దరూ వచ్చారు. నిఖిల తన గుడారం చూపించింది. దానికి సొంత నిలువు కర్రలు లేవు. చేతిలో పట్టుకునే నడక కర్రల మీద నిలుస్తుంది. తేలిక, మంచి రకం. కానీ ఒక మేకు ఊడితే మొత్తం కూలి మీద పడుతుంది. ఆ మాట దాచకుండా చెప్పాను. శైలజ నా వైపు కృతజ్ఞతగా చూసింది. నిఖిల, "ఐ నో ఆంటీ. అందుకే వచ్చా" అంది.

వెనక్కి తీసుకెళ్లాను. కాటా చూడగానే నిఖిల, "అమ్మా, మన లగేజ్ స్కేల్!" అంది.

"సరే, డీల్" అంది శైలజ. "నువ్వు గుచ్చు. నేను లాగుతాను. ఊడొస్తే వెళ్లవు."

"ఓకే. ఊడకపోతే వెళ్తా. మళ్లీ ఇంకో రీజన్ చెప్పొద్దు."

ఇసుక పెట్టెలో నిఖిల సన్నటి కడ్డీ గుచ్చింది. శైలజ రెండు వేళ్లతో లాగితే వచ్చేసింది. "చూశారా అక్కా!" అని గెలిచినదానిలా నా వైపు తిరిగింది.

"నువ్వు వెళ్లేది ఇసుకలోకా?" అని నిఖిలను అడిగాను.

"నో ఆంటీ. కొండ మీదకి."

"అయితే ఇది లెక్కలోకి రాదు."

ఆకుల పెట్టెలో మూడు రెక్కల మేకును ఆకులు దాటించి నల్లమట్టిలోకి పూర్తిగా దింపింది. శైలజ చెప్పులు విప్పి, కాలు పెట్టెకు తన్నిపెట్టి లాగింది. మొహం పక్కకు పెట్టుకోమన్నాను, ఊడితే తగులుతుందని. ఊడలేదు.

మిగిలింది కొండ అంచు పెట్టె. మేకు బొటనవేలంత దిగి ఆగిపోయింది. నిఖిల తీసి పక్కన గుచ్చింది, ఇంకా పక్కన గుచ్చింది. ప్రతిచోటా కింద బండ. శైలజ లాగితే మేకు మట్టి కూడా అంటకుండా చేతికొచ్చింది.

శైలజ గెలిచింది. గెలిచిన మేకును చేతిలో పట్టుకుని కూతురి మొహం చూసింది. ఆ మొహంలో కోపం లేదు. రైలు వెళ్లిపోయిన స్టేషన్‌లా ఖాళీగా ఉంది. నాకు నోటిదాకా వచ్చింది, రాళ్ల సంగతి. కానీ వాల్ట్ మాట మీద ఉండిపోయాను. ఇక్కడ నేను చెప్పేసినా, కొండ మీద చెప్పడానికి ఆ పిల్ల పక్కన నేనుండను కదా.

రోడ్డు మీద కార్ల హోరు దూరంగా నీటి చప్పుడులా వినిపిస్తోంది. నిఖిల కిందికి చూస్తూ నిలబడింది. తర్వాత చిన్న రాయిని కాలితో దొర్లించింది. ఆగింది. తాడు చివర పొడుగ్గా ఉచ్చు వేసి దాని చుట్టూ బిగించింది. పెద్ద రాయిని రెండు చేతులతో ఎత్తి తెచ్చి, చిన్న రాయికి ముందు, తాడు మీద దించింది. తాడు లాగితే చిన్న రాయి వచ్చి పెద్ద రాయికి ఇరుక్కుంటుంది.

"మేకు ఊడిందిగా" అంది శైలజ, నెమ్మదిగా.

"మేకు గురించి కాదమ్మా. టెంట్ నిలవాలి. లాగు."

శైలజ కాటా అందుకుంది. ముందు మామూలుగా లాగింది. తర్వాత తాడు చేతికి ఒక చుట్టు చుట్టుకుని, వెనక్కి వాలి, ఒళ్లంతా పెట్టి లాగింది. రాళ్లు ఒకదాన్నొకటి కరుచుకుని కిర్రుమన్నాయి. కదల్లేదు. నిఖిల వంగి కాటా మీద అంకె చూసి, "అమ్మా, ఇండియా సూట్‌కేస్ దాటేశావు. ఎక్సెస్ బ్యాగేజ్" అంది.

శైలజ నవ్వింది, కళ్లలో నీళ్లు తుడుచుకోకుండానే. నవ్వుతున్నా తాడు మాత్రం వదల్లేదు. అవతల రాయి, ఇవతల ఆమె, మధ్యలో బిగిసిన తాడు. కాసేపు అలాగే ఉండి, మెల్లగా చెయ్యి సడలించి, చుట్టు విప్పి, తాడును నేల మీద పెట్టింది.

"ఎప్పుడు బయల్దేరతావు?" అని అడిగింది.

మూడు రెక్కలవి మూలలకు, సన్నవి మిగతా వాటికి కలిపి ఇచ్చాను. జాకెట్ ముక్క సంగతి కూడా చెప్పాను.

తర్వాత ఒక పొద్దున, షాపు తీయగానే, శైలజ ఆఫీసుకు వెళ్తూ లోపలికొచ్చింది. ఫోన్ నా చేతిలో పెట్టింది. కొండ మీద పొగమంచు, కింద లోయ తెల్లగా నిండిపోయి ఉంది. ముందర చిన్న గుడారం, పక్కన నిఖిల పళ్లు తోముకునే బ్రష్ ఊపుతోంది. శైలజ బొమ్మను వేళ్లతో పెద్దది చేసింది. కూతురి మొహం దగ్గర కాదు, గుడారం మూల దగ్గర. అక్కడ మేకు బండ మీద పడుకుని ఉంది, దాని తలకు రాణి రంగు పీలిక. దాని పక్కనే ఒక చిన్న రాయి, ఒక పెద్ద రాయి.

"ఇది సరిగ్గానే ఉందా అక్కా?"

"సరిగ్గా ఉంది."

ఇంకొంచెం పెద్దది చేసింది. "తాడు కొంచెం వదులైనట్టు లేదూ?"

మంచుకు తడిసి గుడ్డ సాగిందని చెప్పబోయాను. నేను నోరు తెరిచేలోపే ఆమె ఫోన్ తీసుకుని బ్యాగులో వేసుకుంది.

"బిగించుకుంటుందిలే" అంటూ తలుపు వైపు నడిచింది. "దానికి వచ్చు."